రెండు బీముల రహస్యం

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, సూరత్ రింగ్ రోడ్‌లో ఒక హోల్‌సేల్ చీరల మార్కెట్ మూడో అంతస్తులో, బాలు అనే ఇంజనీరును చంపేశారు. అతనికి ముప్పై ఒక్కేళ్లు. అతన్ని ప్రాణాలతో నిఘా ఆఫీసుకు చేర్చాల్సిన ఏజెంటు సరిగ్గా పది అడుగుల దూరంలో చీరల క్యాటలాగ్ పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె పేరు నవత. ఆ పూట ఆమెది కరీంనగర్‌లో బట్టల షాపు నడిపే యజమానురాలి వేషం. మెడలో లావుపాటి గొలుసు, చంకలో సంచి, సంచి అడుగున పిస్టల్. పొద్దున ఎనిమిదింటికి బాలు ఫోన్ చేశాడు. "లీక్ ఎక్కడుందో తెలిసింది మేడమ్. ఫోన్‌లో మాత్రం చెప్పను," అన్నాడు. కలిసే చోటు, కోడ్ మాటలు నవతే నిర్ణయించి ఆఫీసుకు తెలియజేసింది. ఆమె "జార్జెట్‌లో పిస్తా రంగు ఉందా?" అనాలి. అతను "పిస్తా అయిపోయింది, చిలకాకుపచ్చ ఉంది" అనాలి.

అతను మెట్లెక్కి వచ్చాడు. ఆమె అడిగింది. అతను నోరు తెరిచేలోగా, నెత్తిన మూట పెట్టుకున్న హమాలీ ఒకడు అతన్ని రాసుకుంటూ కిందికి దిగిపోయాడు. బాలు మెడ తడుముకున్నాడు. మోకాళ్ల మీద కూలబడ్డాడు. గొంతు పెగల్లేదు. కుడిచెయ్యి ఎత్తి తన చెవిని పట్టుకుని, నవత కళ్లలోకి చూస్తూ రెండుసార్లు లాగాడు. ఆ తర్వాత అతని చెయ్యి జారిపోయింది.

నవత మూడేసి మెట్లు దూకుతూ పరిగెత్తింది. కింది అంతస్తులో హమాలీ చొక్కా దొరికింది, పెట్టుడు మీసం దొరికింది, విసిరేసిన మూట దొరికింది. మనిషి మాత్రం దొరకలేదు. ఆ మార్కెట్లో ఆ గంటకు రెండు వేలమంది ఉంటారు, వాళ్లలో సగంమంది నెత్తిన మూటలుంటాయి.

ఆమెకు కోపం వచ్చింది. నవతకు కోపం రావడం కొత్త కాదు. ఆమె సర్వీసు ఫైల్లో ఐదేళ్లుగా పై అధికారులు "పనిలో సమర్థురాలు, నోరు అదుపులో ఉండదు" అని ఒకే వాక్యం రాస్తూ వస్తున్నారు. ఈ కోపం మాత్రం ఫైల్లో పట్టేది కాదు. బాలు సూరత్‌లో తెలుగు నేతకారులుండే వడోద్ పిల్లవాడు, తనూ వడోద్ పిల్లే. ఇద్దరి నాయనలూ సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఒకే షెడ్డులో సాంచాలు నడిపారు. సాంచా అంటే వాళ్ల మాటలో మరమగ్గం. ఆ గల్లీ నుంచి ఇంజనీర్లయిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒకణ్ణి పట్టపగలు ఎలుకను చంపినట్టు చంపేశారు.

పన్నెండున్నరకు ఆమె సేఫ్ హౌస్‌లో ఉంది. బయట పళ్ల డాక్టరు బోర్డు, లోపల ఆఫీసు. బాస్ గురుమూర్తి వేడినీళ్లు తాగుతున్నాడు. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలున్న మనిషి. అప్పటిదాకా ఏ కాగితమూ తన టేబుల్ మీద ఆగకూడదని ఆయన కోరిక. పక్కన కుర్చీలో కీర్తి కూర్చుని ఉంది.

కీర్తిని చూస్తే ఎవరైనా రెండోసారి చూస్తారు. పొడుగు మనిషి, నల్ల కళ్లద్దాలు, ముదురెరుపు గోళ్లు, గడియారాన్ని డయల్ లోపలికి వచ్చేలా మణికట్టుకు తిప్పి పెట్టుకునే అలవాటు. ఆఫీసు 'గద్ద' అని పేరు పెట్టుకున్న విదేశీ ముఠాలో రెండేళ్లుగా మన తరఫున పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె తెచ్చే ప్రతి కబురూ గురుమూర్తికి వేదం.

"బ్రీఫింగ్ త్వరగా ముగిద్దాం," అన్నాడు గురుమూర్తి. గోడ మీద సోలార్ సెల్ బొమ్మ పడింది. "ఇది సిలికాన్ సెల్. పైన సన్నటి వెండి గీతలున్నాయి చూశావా? లోపల పుట్టిన కరెంటును బయటికి తెచ్చేవి అవే. అయితే గీత ఉన్నచోట ఎండ లోపలికి దిగదు."

"అంటే గీత ఎంత సన్నమైతే అంత కరెంటు," అంది నవత.

"ఎగ్జాక్ట్లీ. ఆ గీతల్ని స్టీలు తీగలతో నేసిన జాలీ లోంచి వెండి పేస్టు నొక్కి ప్రింట్ చేస్తారు. మామూలు జాలీలో తీగలు ఒకదానిమీద ఒకటి దాటే చోట పేస్టు ఆగిపోతుంది, గీత తెగుతుంది. పోనీ గీతను రెండు తీగల మధ్య సందులో పెడదామంటే, వెయ్యి ప్రింట్లయ్యేసరికి తీగలు పక్కకు జరుగుతాయి. గద్ద వెనకున్న కంపెనీ ఇరవై మైక్రాన్ల దగ్గర ఆగిపోయింది. సూరత్ పక్కన కిమ్ ఊళ్లోని మన ప్లాంటులో బాలు పన్నెండు తెచ్చాడు. సెల్ ఎఫిషియెన్సీ ఇరవై ఐదున్నర శాతం నుంచి ఇరవై ఆరుకు పెరిగింది."

"అర శాతమే కదా అనుకోకు," అంది కీర్తి నవ్వుతూ. "దేశమంతా వేసే ప్యానెళ్ల మీద చూసుకో. స్థలం అంతే, ఎండ అంతే, పవర్ మాత్రం ఎక్స్‌ట్రా."

"ఆ జాలీ నేసిందెవరు?" అంది నవత.

"నర్సింగం అని ఒక కార్మికుడు," గురుమూర్తి కాగితం తిప్పాడు. "వడోద్. వయసు అరవై రెండు. చదువు ఐదో తరగతి. చీర అంచుకు వేరే బీము, అంటే పడుగు చుట్టే రోలరు, పెట్టి నేస్తారట కదా, అంచు బిగువు వేరు, ఒంటి బిగువు వేరు కాబట్టి? అదే పద్ధతిలో తీగల్ని ఒకటి విడిచి ఒకటి రెండు బీములకు చుట్టాడు. తీగలు జరగడం మానేశాయి. ఈ రెండు బీముల సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. తెలిసింది ఇద్దరికే. తొమ్మిది రోజుల కిందట గద్ద మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. అందులో 'టూ బీమ్స్' అని ఉంది."

"ఇద్దరిలో బాలు పోయాడు," అంది కీర్తి. "ఇక మిగిలింది ఎవరు? నా సోర్స్ కూడా అదే చెప్తోంది. ముసలాయనే చెప్పాడు. అడ్డొచ్చాడని బాలును తీయించాడు."

నవత ఆమె వైపు చూసింది. "నర్సింగం కాకా మనిషిని చంపించాడా?"

"కాకానా?" గురుమూర్తి కళ్లజోడు సవరించుకున్నాడు. "మంచిది, నీకు తెలిసినవాడే. నాలుగింటికి ట్రాన్స్‌ఫర్ వ్యాన్ వస్తుంది. ఇంటరాగేషన్‌కు ఢిల్లీ. ఎస్కార్ట్ కీర్తి. అంతవరకు అతను ఎక్కడికీ కదలకుండా చూడటం నీ డ్యూటీ. సెంటిమెంట్లు వద్దమ్మాయ్."

"బాలు చనిపోతూ చెవి పట్టుకున్నాడు సార్. దానికి అర్థం..."

"ఏదో విన్నానని చెప్పబోయాడు. విన్నది ఎవరి గురించో మనకు తెలుసు. ఆర్డర్ సంతకం అయిపోయింది."

నవత లేచింది. తలుపు వేస్తున్నప్పుడు గోడమీది బోర్డు ఊగేంత గట్టిగా వేసింది.

వడోద్‌లో ఆ షెడ్డు ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా చెవి చెప్తుంది. ముప్పై ఆరు సాంచాలు ఒక్కసారే ఆడుతున్నాయి. లోపల మనిషి మాట మనిషికి వినబడదు. అందుకే అక్కడివాళ్లు పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. ఎడమ పిడికిలి ఎత్తి, దాని మీదుగా కుడిచెయ్యి కోసినట్టు తిప్పి, పొట్ట దగ్గరికి లాగితే 'పడుగు తెగింది, బంద్ చెయ్' అని. ఆ సైగ కంటబడితే షెడ్డులో ఎవడైనా సరే, ఆలోచించకుండా కుడిచేతి పక్కనున్న హ్యాండిల్ లాగేస్తాడు. ఆలోచిస్తూ కూర్చుంటే నేసిందంతా పాడవుతుంది.

షెడ్డు చివర తాళం వేసే గదిలో ఒకే ఒక్క సాంచా ఉంది. దాని మీద నూలు లేదు, కంటికి ఆనీఆనని స్టీలు తీగ ఉంది. నర్సింగం దానిముందు వంగి నిలబడి ఉన్నాడు. నవతను చూసి పెదాలతో, 'ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?' అన్నాడు. అతనికి బాలు సంగతి ఇంకా తెలియదు. నవత చెప్పలేకపోయింది. బయటికి రమ్మని చేత్తో పిలిచింది.

షెడ్డు గోడకు ఆనుకుని టీకొట్టు. నర్సింగం భార్య గంగవ్వ అన్నం డబ్బా తెచ్చి అక్కడే కూర్చుని ఉంది. నవత అతని ఎదురుగా కూర్చుని, మొహం కనబడేలా అడిగింది.

"కాకా, గా రెండు బీముల ముచ్చట ఎవలకన్న చెప్పినవా?"

నర్సింగం అటూ ఇటూ చూశాడు. గుట్టు చెప్పబోయే మనిషిలా దగ్గరికి జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రహస్యంగా అన్నాడు. "ఎవ్వలకు చెప్పలే బిడ్డా. మీ చిన్నమ్మకొక్కదానికే చెప్పిన. అదీ చెవుల చెప్పిన."

టీకొట్టు దగ్గరున్న ఎనిమిదిమందీ తలలు తిప్పి చూశారు. రోడ్డు అవతల మిరపకాయ బజ్జీలు వేస్తున్నవాడు కూడా చూశాడు.

"గిట్లనే చెప్పిండు," అంది గంగవ్వ తల కొట్టుకుంటూ. "మొదట్ల సుత ఎండకు ఇనుప జాలి నేస్తున్న అని గుసగుస చెప్పిండు. గల్లీ మొత్తం ఇన్నది. మెల్లగ మాట్లాడు అంటె, మెల్లగనే మాట్లాడుతున్న గద అంటడు."

నవత మనసులో లెక్క వేసుకుంది. నలభై ఏళ్లు. రోజుకు పన్నెండు గంటలు. ఆ రొద ఈ మనిషి చెవులను ఎప్పుడో తినేసింది. తన గొంతు ఎంత పెద్దగా ఉందో అతనికే తెలియదు. గల్లీ వింది, గల్లీకి ఆ జాలీతో పనిలేదు. పని ఉన్నవాళ్ల దాకా ఆ కబురు పాకింది. తన నాయన కూడా ఇట్లాగే ఉండేవాడు. అతని కీళ్ల నొప్పుల సంగతి వీధి చివరి మందుల షాపువాడికి ఇంట్లోంచే వినబడేది. ఏ షెడ్డులోనైనా ఒక్కనాడు చెవిలో పెట్టుకోవడానికి ఒక్క రబ్బరు ముక్క ఇచ్చిన పాపాన పోయారా? ఇవ్వలేదు. ఇప్పుడు ఈ చెవిటి మనిషిని రహస్యాలు అమ్మాడని ఢిల్లీకి మోసుకుపోతారట.

చెవి. బాలు చెవి పట్టుకున్నాడు.

"చిన్నమ్మా, కాకాకు చెవుల సంగతి ఎవరన్న చూసిన్రా?"

"చూసిన్రు. రెండు నెలలైంది, ఫ్రీ క్యాంప్ పెట్టిన్రు. డాక్టరమ్మ మస్తు మంచిది. పొడుగ్గుంటది. గోళ్లకు ఎర్ర రంగు. గడియారం గిట్ల లోపలికి తిప్పి పెట్టుకున్నది," గంగవ్వ మణికట్టు తిప్పి చూపించింది. "అందరి చెవులు చూసింది గని మిషిను మాత్రం ఈయనకే ఇచ్చింది."

నర్సింగం జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. దూది మీద చెవి మిషను. పసిపిల్ల బంగారు పోగులు దాచినట్టు దాచుకున్నాడు. "ఇంట్ల పెట్టుకుంట. సాంచా కాడ పెట్టుకుంటె నెత్తి పగులుతది, తీసి జేబుల పెడుత. నిన్న బాలు సుత చూసిండు. ఒకపారి ఇప్పి చూసి, మళ్ల పెట్టి, ఏమనకుంట పోయిండు. గిది పెట్టుకున్నంక తెలిసింది బిడ్డా, మీ చిన్నమ్మ దువ్వుకుంటె గాజులు సప్పుడైతయని."

నవత గోటితో మిషను అడుగున పలక లేపింది. బ్యాటరీ ఉంది. దాని పక్కన, హియరింగ్ ఎయిడ్‌లో ఎక్కడా ఉండకూడని ట్రాన్స్‌మిటర్ చిప్ ఉంది. అతను ఇంట్లో భార్యతో అన్న ప్రతి మాటా కీర్తి చెవికి చేరింది.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. అన్నీ విన్నవాళ్లు ఊరికే ఉండక ముసలాయన కోసం వ్యాన్ ఎందుకు పంపుతున్నారు?

"రెండు బీములకు టెన్షన్ ఎంతెంత పెడుతవ్ కాకా? లెక్క ఉన్నదా?"

"లెక్కేంది? గీ బీముకు గింత, గా బీముకు గింత," నర్సింగం ఆమె మణికట్టు పట్టుకుని, నరం మీద వేలితో ఒకసారి మెల్లగా, ఒకసారి కొంచెం గట్టిగా మీటాడు. "ఏలుకు తెలుస్తది. బాలు మిషిన్లు పెట్టి కొలిచిండు, కుదరలే. పొద్దుగాల ఒక తీరుంటది, ఎండ ఎక్కినంక ఒక తీరుంటది."

వాళ్లు విన్నదాంట్లో లేనిది ఇదే. దీన్ని మాటల్లో పెట్టడం అతనికే రాదు, ఇక మైకు ఏం దొంగిలిస్తుంది? కావలసింది ఆ వేలు. వేలు కావాలంటే మనిషి కావాలి. మనిషిని ఎత్తుకుపోవడానికి మన ఆఫీసు సంతకమే తీసుకుంది కీర్తి.

నవత లేచి నిలబడింది. సాంచాల ఇంట్లో పుట్టిన గొంతు, దానికి తోడు కోపం. "ఎంత మోసం జేసినవే కీర్తీ! క్యాంప్ పెట్టి, చెవి మిషిను పేరు మీద దొంగ మైకు కట్టి, నాలుగింటికి వ్యాన్ తెస్తవా? రా, నీ సంగతి చూస్త!"

అన్నాక ఆమె చూపు అరచేతిలోకి పోయింది. మిషను ఇంకా ఆన్‌లోనే ఉంది.

తనను తాను తిట్టుకుంటూ బ్యాటరీ పీకేసింది. గుసగుస చేతకాని నర్సింగాన్ని చూసి నిమిషం కిందట జాలిపడింది. తను చేసింది మాత్రం ఏమిటి? టైము మూడూ పది. షెడ్డు పక్కన ఫోన్‌లో ముక్క వినబడదు. "ఇక్కడనే కూసో కాకా, కదలకు," అని సైగ చేసి గల్లీ చివరికి పరిగెత్తింది.

"సార్, కీర్తి గద్ద మనిషి. చెవి మిషన్‌లో బగ్. వ్యాన్ ఆపండి."

"నవతా, కోపంలో మాట్లాడుతున్నావు. ప్రూఫ్?"

"చేతిలో ఉంది. కీర్తి ఎక్కడ?"

అవతల వేడినీళ్ల గ్లాసు కింద పెట్టిన చప్పుడు. "ఇందాకే బయల్దేరింది. ముందుగా వెళ్లి రెడీగా ఉంటానంది. వ్యాన్ నీకు దగ్గర్లో పాండేసరలోనే పెట్టుకుందట."

ఆమె తిరిగి వచ్చేసరికి టీకొట్టు ముందు బెంచీ ఖాళీగా ఉంది. గంగవ్వ ఒక్కతే అన్నం డబ్బా పట్టుకుని నిలబడింది.

"సర్కారు బండి వచ్చింది బిడ్డా. డ్రైవరు కాయితం చూపించిండు, లోపట ఇంకెవలో ఉన్నరు గని మొకం కనవడలే, ఆయన సక్కగ పోయి కూసున్నడు. వెనక కూసోవెడుతుంటె నేనే వద్దన్న, ఆయనకు వాంతులైతయ్, ముందర కూసోవెట్టుండ్రి అన్న. ఏమైంది బిడ్డా?"

"ఎటు పోయింది?"

"ఫాటక్ దిక్కు."

రైల్వే ఫాటక్ దాటితే హజీరా రోడ్డు. ఆ రోడ్డు చివర క్రీక్ అనే సముద్రపు పాయ, క్రీక్‌లో ఎప్పట్నుంచో లంగరు వేసి ఉన్న ఒక మోటారు లాంచి. ఆఫీసు రెండు వారాలుగా దానిమీద నిఘా పెట్టి, చేపల లాంచి అని రాసి వదిలేసింది. ఒక్కసారి నీళ్ల మీదికి పోతే నర్సింగం ఇక దొరకడు. ఏ దేశంలోనో కిటికీలు లేని గదిలో, మాట వినబడని మనిషి చేత, వేలు అరిగేదాకా తీగలు మీటిస్తారు. నేర్చుకోవడం అయిపోయాక ఏం చేస్తారో పొద్దున రింగ్ రోడ్‌లో చూసింది.

టీ తాగుతున్నవాడి స్కూటీ తాళం లాక్కుంది. "అరే దీదీ!" అన్నాడు వాడు. ఆమె అప్పటికే గల్లీ మలుపు తిరిగింది. పెద్ద రోడ్డు మీద వ్యాన్‌కు బట్టల టెంపోలు అడ్డం. గల్లీల్లో ఆమెకు ఎండేసిన చీరలు, మేకలు, మంచాలు అడ్డం. చిన్నప్పుడు నాయనకు అన్నం డబ్బా పట్టుకుని పరిగెత్తిన దారులే. ఎక్కడ ఏ గోడ విరిగి సందుందో కాళ్లకు తెలుసు.

ఫాటక్ దగ్గర తేలేసరికి గంట మోగుతోంది. గేటు కిందికి దిగడం మొదలైంది. పక్కన ఇంకా రంగు వేయని గ్రే బట్ట మూటలు ఎత్తుగా పేర్చిన టెంపో ఆగి ఉంది. వంద గజాల వెనక తెల్ల వ్యాన్, హారన్ కొడుతూ, ఆగిన బళ్లను దాటుకుంటూ రాంగ్ సైడులో వచ్చేస్తోంది. గేటు పడేలోగా దాటేయాలని దాని తొందర. ముందు సీట్లో డ్రైవరు, వాడి ఎడమ పక్క నర్సింగం. పిస్టల్ తీసి గురి చూసింది. వ్యాన్ ఊగుతోంది. గుండు ఎవరికి తగులుతుందో తెలియదు. పిస్టల్ సంచిలో పడేసింది.

టెంపో ఎక్కింది. మూటలమీద నిలబడింది. అరిచి ఏం లాభం?

ఎడమ పిడికిలి ఎత్తింది. కుడిచెయ్యి దానిమీదుగా కోసింది. పొట్ట దగ్గరికి లాగింది.

అద్దం వెనక నర్సింగం కళ్లు ఆమె మీద పడ్డాయి. నలభై ఏళ్ల అలవాటు, అతన్ని అడగకుండానే కుడిచెయ్యి కదిలింది. కుడిపక్క దొరికిన హ్యాండిల్ బలంగా లాగేశాడు. అది హ్యాండ్ బ్రేక్. వ్యాన్ టైర్లు కీచుమన్నాయి, బండి అడ్డంగా తిరిగింది, ఫాటక్ స్తంభానికి గుద్దుకుంది. గేటు దిగి దాని నెత్తిమీద ఆగింది. డ్రైవరు స్టీరింగ్ మీద వాలిపోయాడు.

నర్సింగం తలుపు తెరుచుకుని దిగాడు. వెనక తలుపు తెరుచుకుని కీర్తి దిగింది. కళ్లద్దాలు విరిగాయి, నుదుటి మీద నెత్తురు. చేతిలో పెన్నులాంటి సిరంజి. ఒక్క అంగలో నర్సింగం కాలర్ పట్టుకుని టెంపో పక్కకు లాగి, సూదిని మెడకు ఆనించింది.

"దిగకు నవతా. పొద్దున బాలుకు ఎక్కిందే ఇది. నాలుగు సెకన్లు."

"బాలును నువ్వే చంపావా?"

"చంపించాను. మీసం మా వాడికి సరిగ్గా అతకలేదు, అయినా పని జరిగింది." కీర్తి ఊపిరి అందక నవ్వింది. "ఈయన్ను ఏం చేసుకుంటారు మీరు? మీ ఫైల్లో ఈయన పేరు పక్కన 'అన్‌స్కిల్డ్' అని ఉంది, నా కళ్లతో చూశాను. మా దగ్గర ఈయనకు ల్యాబ్ ఇస్తాం."

నవత గొంతులో ఎంత బూతు ఉందో అంతా పైకి వచ్చింది. మింగేసింది. ఈ రోజు అరిచి ఒకసారి నష్టపోయింది, చాలు. నర్సింగం తననే చూస్తున్నాడు. ఆమె చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపింది. 'కాకా, వంగు.'

కీర్తికి ఏమీ వినబడలేదు. నర్సింగం, దారం ఊడినప్పుడు సాంచా కిందికి వంగినట్టు, చటుక్కున నడుం వంచేశాడు. అదే క్షణంలో నవత కాళ్లకింది మూటను తన్నింది. అరవై కిలోల గ్రే బట్ట పదడుగుల ఎత్తు నుంచి కీర్తి భుజాల మీద పడింది. సిరంజి రోడ్డు మీద దొర్లింది. గూడ్సు రైలు ఇంజను ఫాటక్ దాటుతుంటే భూమి అదిరింది.

నవత దూకి ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టింది. అవసరమైన దానికన్నా ఎక్కువే విరిచింది. దాని గురించి తర్వాత రిపోర్టులో అడిగితే, "ట్రాఫిక్ ఎక్కువగా ఉంది" అని రాసింది.

నర్సింగం రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకుని, నోరు తుడుచుకుని అడిగాడు. "ఏంది బిడ్డా ఇదంత? బాలును పిలువు, వాడు చెప్తడు."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. అతని మొహానికెదురుగా కూర్చుని, పెదాలు స్పష్టంగా కదిపి చెప్పింది. అతను ఒక్కసారికే అర్థం చేసుకున్నాడు. అయినా నమ్మలేక ఇంకోసారి చెప్పమన్నాడు. నవత ఇంకోసారి చెప్పింది. ఆ రోజు ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది అదే.

సాయంత్రానికి క్రీక్‌లో లాంచి పట్టుబడింది. అందులో ముగ్గురు విదేశీయులు, రెండు బీముల సాంచా డ్రాయింగులు, మీసం అంటించిన జిగురు ఇంకా మూతి మీద ఎండి ఉన్న ఒక నకిలీ హమాలీ దొరికారు. సూరత్‌లో గద్ద పని ఆ పూటతో అయిపోయింది.

పది రోజుల తర్వాత నవత తుది రిపోర్టు గురుమూర్తి టేబుల్ మీద పెట్టింది. ఆయన చదువుతూ 'భద్రతా లోపాలు' అన్న కాలమ్ దగ్గర ఆగిపోయాడు. అక్కడ రెండు వాక్యాలున్నాయి. "ఏజెంటు నవత బగ్ ముందు అరిచింది. నలభై ఏళ్లలో నర్సింగం చెవులు మొదటిసారి పరీక్ష చేయించింది మన ప్రభుత్వం కాదు, గద్ద."

"ఈ రెండో వాక్యం తీసెయ్యి అమ్మాయ్."

"తియ్యను సార్."

"పైవాళ్లు అడుగుతారు."

"అడగనివ్వండి. బాలు ఫోన్ చేసిన రోజు మనం ఆ ముసలాయన గడపకు పోయి ఒక్క మాట అడిగి ఉంటే, ఆయన చెవిటివాడని అర నిమిషంలో తెలిసేది. మనం సంతకం పెట్టాం. మీరు సంతకం పెట్టారు. దొంగల చేతికి ఆయన్ను అప్పగించింది మన కాగితమే."

గురుమూర్తి ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాడు. వేడినీళ్లు చల్లారిపోయాయి. చివరికి పెన్ను తీసి రిపోర్టు కింద సంతకం చేశాడు. "నన్ను ఆయన ఇంటికి తీసుకెళ్తావా?" అన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరూ వడోద్ వెళ్లారు. నర్సింగం ఇంటి ముందు మంచం వేశారు. గంగవ్వ టీ ఇచ్చింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. గురుమూర్తి ముప్పై ఐదేళ్ల సర్వీసులో ఎన్నో పనులు చేశాడు గానీ, ఒక కార్మికుడి ముందు చేతులు కట్టుకుని నిలబడటం ఇదే మొదలు. నలుగురికీ వినబడకుండా, గొంతు తగ్గించి అన్నాడు.

"నర్సింగంగారూ, మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాది. క్షమించండి."

నర్సింగం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "జర గట్టిగ చెప్పుండ్రి సారూ. నా మిషిను మీ ఆఫీసుల్నే ఉన్నది."

గురుమూర్తి గొంతు సవరించుకుని ఇంకొంచెం పెద్దగా చెప్పాడు. నర్సింగం తల అడ్డంగా ఊపాడు. మూడోసారి ఆయన మెడ నరాలు ఉబ్బేలా అరిచి చెప్పాడు. గల్లీ మొత్తం విన్నది. అవతలి షెడ్డులో సాంచా ఆపి ఇద్దరు బయటికి వచ్చారు.

అప్పుడు నర్సింగం మెల్లగా తలూపి, "సరే, కూసోండ్రి. చాయ్ సల్లారుతది," అన్నాడు.

తిరిగి వస్తూ గురుమూర్తి రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పాపం, బొత్తిగా వినబడదు కదూ?"

నవత కారు గేరు మార్చింది. మొదటిసారి ఆయన మాట్లాడుతున్నంతసేపూ నర్సింగం ఆయన పెదాలనే చూశాడని, ఒక్క మాట కూడా పోలేదని ఆమె ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషికి కొన్ని విషయాలు క్లాసిఫైడ్‌గా ఉంటేనే మంచిది.